గిన్నెలోంచి తీసిన పిడికెడు

కింది పోర్షన్‌లో పసివాడు ఏడిస్తే పైన నా జాకెట్టు తడుస్తోంది. మూడు రోజులుగా ఇదే వరస. నా కూతురు మిన్ను నా పక్కనే నిద్రపోతూ ఉంటుంది. దానికి ఆకలి లేదు. ఆ సమయంలో నేను దాని గురించి ఆలోచిస్తూ కూడా ఉండను. ఆ సన్నటి ఏడుపు మెట్ల మీదుగా పైకి వస్తుంది, అంతే, ఛాతీ బరువెక్కి సూదులు గుచ్చినట్టయి పాలు వాటంతట అవే కారిపోతాయి. గుడ్డ మార్చుకుంటాను. మళ్ళీ ఏడుపు, మళ్ళీ ఆ పుల్లటి తడి వాసన. ఎవరి బిడ్డ ఎవరో నా ఒంటికి తెలియదా అని నా మీద నాకే కోపం వస్తుంది. ఆ కోపం వెనకే సువార్త పెద్దమ్మ గుర్తుకొస్తుంది. ఆమె చనిపోయి నాలుగేళ్ళయింది. ఆమె మాకు చుట్టం కాదు. మాదన్నపేటలో మా చర్చి సంఘంలో పిల్లలందరికీ ఆమె పెద్దమ్మే. మిన్ను, నా భర్త కిరణ్ ఇద్దరూ నిద్రపోయారు కాబట్టి, ఇప్పుడైనా ఆమె గురించి రాస్తే నా తల కాస్త తేటపడుతుందేమో అని ఈ నోటుపుస్తకం తీశాను.

ముందు కింది ఇంటి సంగతి చెప్పాలి. మేము శాలిబండలో ఒక పాత ఇంటి పై అంతస్తులో అద్దెకుంటాం. కింద గాజుల దుకాణం వాళ్ళ కుటుంబం. వాళ్ళ కోడలు రెహానా పన్నెండు రోజుల కిందట కన్నది. ఇంటికొచ్చిన వారానికి జ్వరం ఎక్కువై మళ్ళీ దవాఖానలో చేర్చారు. పిల్లవాడు ఇంట్లో నాయనమ్మ దగ్గర ఉన్నాడు. డబ్బా పాలు పట్టిస్తే కక్కేస్తున్నాడు. రెండు రకాలు మార్చి చూశారు. ఎక్కడన్నా తల్లిపాలు దొరికితే మంచిదని డాక్టరు చెప్పాడట. గల్లీ అంతా దాదీ అని పిలిచే ఆ నాయనమ్మ మొన్న పొద్దున మెట్లెక్కి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు, గడప దగ్గరే కూర్చుంది. ఆమె మాట సగం ఉర్దూ, సగం తెలుగు.

"బేటీ, నీకు పాలు మస్తున్నయి. నీ బిడ్డ బుగ్గలు చూస్తేనె తెలుస్తది. మా పోతాకు, నా మనుమనికి ఇస్తవా?"

నేను ఏమీ అనకముందే చెయ్యెత్తి ఆపింది. "ఠైరో. ఇప్పుడే చెప్పకు. మాలో పాలిస్తే రిష్తా అయితది. వాడు నీకు కొడుకైతడు. నీ బిడ్డ వానికి అక్క అయితది, జిందగీ అంతా. ఇది ఛోటీ బాత్ కాదు. నీ మియాను అడుగు. సోంచాయించుకో."

బుగ్గల మాట నా గుండెల్లో గుచ్చుకుంది. మిన్నుకు అయిదు నెలలు. పోయిన నెల తూకం కార్డు మీద దాని గీత పైకి వెళ్ళలేదు, అక్కడే ఆగింది. కంగారు పడవద్దు, వచ్చే నెల చూద్దాం అంది డాక్టరు. నేను చూస్తూనే ఉన్నాను, రోజుకు ఇరవైసార్లు. దాని మణికట్టు చుట్టూ నా వేళ్ళు వేసి చూస్తాను. నా పాలు ఒక్కదానికే సరిపోతున్నాయో లేదో నాకు తెలియదు. ఇద్దరికి సరిపోతాయా? పంపుతో పిండి పంపుదామని ఒకసారి ప్రయత్నించాను. గంటసేపు కష్టపడితే గ్లాసు అడుగు తడిసింది. కాన్పప్పటి నా రక్తపరీక్షల కాగితాలు తీసి చూసుకున్నాను, అన్నీ బాగానే ఉన్నాయి. అంటే ఒంటి సాకు కూడా లేదు. కిరణ్‌ని అడిగితే "నీ ఇష్టం" అన్నాడు. ఆ మాట సాయమో, తప్పించుకోవడమో నాకు అర్థం కాలేదు. అమ్మకు ఫోన్ చేశాను. "ముందు నీ పిల్లను చూస్కో. సువార్తక్క లెక్క చెయ్యకు" అంది. అమ్మ నోట ఆ మాట రావడం నాకు వింతగా అనిపించింది. ఎందుకో చెప్తాను.

మా సంఘంలో ప్రతి ఇంట్లో పొయ్యి దగ్గర ఒక డబ్బా ఉండేది. అన్నం వండేటప్పుడు ఒక పిడికెడు బియ్యం ఆ డబ్బాలో వేయాలి. శనివారం నాడు స్త్రీల సమాజం తరఫున పెద్దమ్మ తెల్ల సంచి భుజాన వేసుకుని వచ్చి, ఇంటింటి బియ్యం పోగుచేసి, ఎవరింట్లో పొయ్యి వెలగడం కష్టంగా ఉందో వాళ్ళకు ఇచ్చేది. ఎవరికి ఇచ్చిందో చెప్పేది కాదు. వారమంతా ఒక బడిలో ఆయాగా పని చేసేది. శనివారం మధ్యాహ్నం నుంచి ఈ పని. తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో ఈ అలవాటు కొత్తదేమీ కాదు. కానీ పెద్దమ్మ దానికి తన సొంత నియమం ఒకటి తగిలించింది. బియ్యం బస్తాలోంచి తీయకూడదు. వంటకు కొలిచి గిన్నెలో పోసుకున్నాక, ఆ గిన్నెలోంచి తీయాలి.

"బస్తాకు ఆకలైతదా?" అనేది. "బస్తాలకెల్లి తీస్తే ఎవ్వరికి ఎరుకనే కాదు. మీకోసమని గిన్నెల పోసుకున్నంక అండ్లకెల్లి తియ్యాలె. గప్పుడు తలా ఒక బుక్క తక్కువైతది. గా బుక్కనే దేవునిది."

"యాడికెల్లి తీస్తున్ననో చూడనీకె మా పొయ్యికాడ కూసుంటవా అక్కా?" అని అమ్మ దెప్పేది.

"ఎందుకు కూసోను? చాయ్ పోస్తే కూసుంట."

ఆమె నవ్వు ముందు భుజాల్లో మొదలయ్యేది, ఆ తర్వాతే గొంతులోకి వచ్చేది. లావుపాటి మనిషి, మోకాళ్ళ నొప్పులు. నవ్వుతూ ఉంటే భుజాన సంచిలో బియ్యం గలగలమనేవి. ఉత్సాహంగా ఇచ్చేవాళ్ళంటే దేవుడికి ప్రేమ అని పాస్టరు అయ్యగారు ప్రసంగం చేసిన ప్రతిసారీ మందిరంలో తలలన్నీ ఆమె వైపు తిరిగేవి. ఆమె మాత్రం ఆ ప్రసంగాల్లో ఎక్కువగా కునుకు తీస్తూ ఉండేది.

నాకు పదేళ్ళున్నప్పుడు ఒక శనివారం ఆమె వెంట తిరిగాను. మూడో అంతస్తులో కమలమ్మగారి ఇల్లు. మెట్లు ఇరుకు, నిటారు. పెద్దమ్మ ఒక్కో మెట్టుకు ఒక్కో తిట్టు. "పిరికెడు బియ్యానికి నా పానం తీస్తది ఈ కమలమ్మ. కిందికొచ్చి ఇయ్యరాదా? కాళ్ళు లేవా? సినిమాకు పోనీకె ఉంటయి కాళ్ళు." నేను బిత్తరపోయాను. తలుపు తెరుచుకోగానే ఆమె మొహం విప్పారింది. "వందనాలు కమలమ్మా! నిన్ను చూస్తే నా మోకాళ్ళు మంచిగైతయి" అంది.

అక్కణ్ణుంచి రెండు ఇళ్ళ అవతల ఒకామె డబ్బా తెచ్చి సంచిలో కుమ్మరిస్తూ విసుక్కుంది. "వారం వారం వస్తే ఎట్ల? మేమేమన్న మిల్లు పెట్టుకున్నమా?"

పెద్దమ్మ కోప్పడలేదు. సంచిలో పైపైన పడిన ఆ బియ్యాన్ని దోసిలితో ఎత్తి తిరిగి ఆమె డబ్బాలో పోసింది. "నవ్వుకుంట ఇయ్యరాకపోతే ఉంచుకో తల్లీ. దేవుడేం ఉపాసమున్నడా?" అంది. అదీ నవ్వుతూనే. ఆ ఇంటామె మొహం ఎర్రబడింది.

గల్లీలోకి వచ్చాక నేను ఊరుకోలేకపోయాను. "మరి నువ్వు గూడ మెట్ల మీద తిట్టినవు గదా పెద్దమ్మా. నీ నవ్వు అబద్ధమా?"

ఆమె నడక ఆపింది. ఒక ఆటో మమ్మల్ని ఒరుసుకుంటూ పోయింది, దాన్ని కూడా పట్టించుకోలేదు. "ఆమె కోపం బియ్యం మీద, నా కోపం మెట్ల మీద" అంది. కాసేపటికి తల అడ్డంగా ఊపింది. "కాదే. రెండు ఒకటేనేమో. ఏమో బిడ్డా, నాకు గూడ సమజైతలేదు." ఆ తర్వాత భుజాలు కదిలాయి. నవ్వింది. పెద్దవాళ్ళు తమకు తెలియదని ఒప్పుకోవడం నేను చూసింది అదే మొదటిసారి. అప్పుడు నాకు అది నచ్చలేదు. బడిలో టీచరును అడిగితే జవాబు ఉంటుంది, పెద్దమ్మ దగ్గర ఎందుకు లేదు అనుకున్నాను.

ఆ మరుసటి సంవత్సరం నాన్న చెయ్యి వర్క్‌షాపులో మిషన్ కింద నలిగింది. మూడు నెలలు పనికి పోలేదు. ఒకరోజు కంచంలో అన్నం వింతగా కనబడింది. కొన్ని మెతుకులు లావు, కొన్ని సన్నం. కొన్ని పేస్టులా మెత్తబడ్డాయి, కొన్ని పంటికింద పలుకుగా తగిలాయి. అమ్మ ఎప్పుడూ అలా వండేది కాదు. "గిదేం అన్నమే?" అంటే "తిను" అంది. నేను తినడం ఆపేశాను. రేషన్ బియ్యం, సన్నబియ్యం, నూకలు, అన్నీ కలిసిన బియ్యం ఈ లోకంలో ఒక్క చోటే ఉంటుంది, అది పెద్దమ్మ సంచి. కమలమ్మగారి బియ్యం, మా బడి స్నేహితురాలి ఇంటి బియ్యం, అందరిదీ నా నోట్లో ఉంది. ఆదివారం మందిరంలో వాళ్ళ మొహాలు ఎలా చూడాలి? ఆ పూట నా కంచం అలాగే పక్కకు నెట్టేశాను.

శనివారం వచ్చింది. పెద్దమ్మ ఎప్పటిలాగే సంచితో మా గుమ్మంలో నిలబడింది. మా ఇంటిని వదిలేసి ముందుకు పోతుందని అనుకున్నాను. పోలేదు. "వందనాలు చెల్లే, డబ్బా తే" అంది. అమ్మ డబ్బా తెచ్చింది. అందులో బియ్యం ఉంది! ఆ బియ్యమే, లావూ సన్నమూ కలిసినదే. పెద్దమ్మ దాన్ని సంచిలో పోసుకుని, అడుగున అంటిన గింజల కోసం డబ్బాను తట్టి మరీ తీసుకుంది. నాకు ఒళ్ళు మండింది. ఆమె వెనకే గల్లీ చివరిదాకా పరిగెత్తాను.

"నువ్విచ్చిన బియ్యంలకెల్లి నువ్వే తీస్కపోతున్నవు! సిగ్గులేదా నీకు?"

ఆమె నన్ను కొడుతుందనుకున్నాను. సంచి కింద పెట్టి, మోకాళ్ళు పట్టుకుని నా ఎత్తుకు వంగింది. "మెల్లగ మాట్లాడు. ఇయ్యాల గీ డబ్బా నేను ఇడిసిపెడితే మీ అమ్మ అడుక్కునేటామె అయితది. తీస్కున్న గనుక ఆమె గూడ ఇచ్చేటామెనే. రేపు మందిరంల అందరి తీరు కూసుంటది. సమజైందా?"

సమజ్ కాలేదు. కానీ ఆ ఆదివారం అమ్మ స్త్రీల వరసలో తల ఎత్తుకుని కూర్చుంది, పాట కూడా గట్టిగా పాడింది. నేను దాన్ని చూశాను. నన్ను ఎవరు పెంచారని ఎవరైనా అడిగితే, అమ్మానాన్నల తర్వాత ఆ గల్లీ చివరి నిమిషం పెంచిందని చెప్తాను. కాలేజీలో చదివినప్పుడు, ఉద్యోగం చేసినప్పుడు, ఎవరికి ఏమిచ్చినా వాళ్ళ దగ్గర నుంచి ఏదో ఒకటి తీసుకునేదాన్ని, ఒక పెన్ను, ఒక కప్పు చాయ్. అలా చేయడం నాకు ఆమె దగ్గర అంటిన అలవాటు.

ఇక్కడికి వచ్చి ఆగిపోతే ఇది మంచి సాక్ష్యం అవుతుంది, మందిరంలో నిలబడి చెప్పవచ్చు. కానీ నాకు తెలిసింది ఇంత మాత్రమే కాదు. ఆమె ఆఖరి రోజుల్లో మంచం పట్టినప్పుడు నేను కోడి పులుసు చేసి తీసుకెళ్ళాను. మూత తీసి వాసన చూసి "ఎంత మంచిగ చేసినవే" అంది. నా ఎదురుగానే తన కూతురు కరుణక్కను పిలిచి, సగానికి పైగా పక్కింటి ముసలాయనకు పంపించింది. మిగిలింది కరుణక్క పిల్లలకు పెట్టించింది. ఆమె ఒక్క చెంచా కూడా తాగలేదు. నేను నవ్వుకుంటూ ఇంటికొచ్చాను, పెద్దమ్మ ఎప్పుడూ ఇంతే అని.

సమాధి కార్యక్రమం అయిన మూడో రోజు కరుణక్క దగ్గరికి వెళ్ళాను. ఆమె తన తల్లి చీరలు మడతపెడుతోంది. నేను పులుసు సంగతి ఎత్తి, ఎంత గొప్ప మనసు అన్నాను. కరుణక్క మడతపెట్టడం ఆపింది.

"మీ అందరికి ఆమె నవ్వు మొఖమే ఎరుక. శనివారం పొద్దుగూకినంక కాళ్ళకు నూనె రాస్తుంటే ఏడ్చేది. రాసింది నేను. పండుగకు చీర కొనిస్తే వారం తిరగకముందే ఎవరికో ఇచ్చేది. మందులు తెస్తే గూడ గంతే. మా అమ్మకు నేను ఇచ్చింది ఒక్కటన్న ఆమె కాడ ఉన్నదా అని ఎతుకుతున్న చెల్లే. గీ బీరువ అంత ఎతికిన."

ఆమె పక్కన కూర్చుని చీరలు మడతపెట్టాను, అంతే. మా అమ్మను ఇచ్చేటామెగా నిలబెట్టిన మనిషి, సొంత కూతురికి ఆ చోటు ఎందుకు ఇవ్వలేదు? ఆమెకు తెలియకా? లేక మాకందరికీ పంచి పంచి, ఇంటికొచ్చేసరికి ఆ తెలివి కూడా అయిపోయేదా? పెద్దమ్మ మీద నాకున్న ప్రేమ తగ్గలేదు. కానీ అప్పటినుంచి ఆమె నవ్వును తలచుకున్నప్పుడల్లా దాని వెనక నూనె గిన్నె పట్టుకుని కరుణక్క కూర్చుని ఉంటుంది. అమ్మ "సువార్తక్క లెక్క చెయ్యకు" అన్నప్పుడు నేను ఎదురుచెప్పలేకపోయింది అందుకే. అమ్మకు ఆ మనిషి పెట్టిన అన్నమూ తెలుసు, ఆ మనిషి ఇంట్లో మిగిలిన ఆకలీ తెలుసు.

ఈ మూడు రోజులూ నా ప్రార్థన కూడా ముక్కలు ముక్కలుగానే సాగింది. ప్రభువా, నాకు సంతోషం ఇవ్వు, ఇచ్చాక వెళ్తాను అంటాను. సంతోషం రాదు. నవ్వుతూ ఇవ్వలేకపోతే ఉంచుకొమ్మంది కదా పెద్దమ్మ, అయితే ఉంచుకుంటాను అంటాను. వెంటనే ఆమె మెట్ల మీది తిట్లు గుర్తుకొస్తాయి. సిలువకు ముందు రాత్రి తోటలో ప్రభువు కూడా వణికాడు కదా, వీలైతే తప్పించమని తండ్రిని అడిగాడు కదా, అయినా తనను తాను ఇచ్చుకున్నాడు కదా అనుకుంటాను. అది నాకు ధైర్యమో, నాకు నేను చెప్పుకునే సాకో తేలదు. ఆయన ఇచ్చింది తన ప్రాణం. నేను ఇవ్వబోయేది మిన్ను నోటి దగ్గరిది. అది నాదేనా, ఇవ్వడానికి?

ఈ సాయంత్రం ఏడుపు వినబడలేదు. నాలుగు గంటలకు చూసుకున్నాను, జాకెట్టు పొడిగా ఉంది. అయిదయింది. అప్పటికీ పొడిగానే ఉంది. హాయిగా ఉండాల్సింది పోయి నాకు చేతులు చల్లబడ్డాయి. ఏడవడానికి కూడా బలం లేనప్పుడు పిల్లలు ఊరుకుంటారని ఎక్కడో చదివాను. మిన్ను ఒక పక్క తాగి రెండో పక్కకు తిరుగుతోంది. దాని నోరు తెరిచే ఉంది. నేను దాన్ని ఎత్తి కిరణ్ చేతుల్లో పెట్టేశాను.

"ఏంది? ఇంక తాగుతది గదా?" అన్నాడు.

"పట్టుకో. ఇప్పుడే వస్త."

మెట్లు దిగుతుంటే వెనక మిన్ను ఏడుపు అందుకుంది. ఈసారి నా జాకెట్టు నా బిడ్డ కోసమే తడిసింది, నేను మాత్రం ఆ పాలను ఇంకొకరి దగ్గరికి తీసుకుపోతున్నాను. దాదీ మంచం మీద పిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టుకుని చెంచాతో నీళ్ళ లాంటిదేదో పట్టిస్తోంది. నన్ను చూడగానే లేచింది. తలుపు దగ్గరికి వేసి, వాణ్ణి నా చేతుల్లో పెట్టింది. వాడు మిన్నులో సగం కూడా లేడు. మొదట పట్టుకోలేకపోయాడు, రెండుసార్లు జారిపోయాడు. మూడోసారి దొరకబుచ్చుకున్నాడు. ఎంత గట్టిగా లాగాడంటే నా కాళ్ళ వేళ్ళు ముడుచుకున్నాయి. నాకు నవ్వు రాలేదు. నా చెవులు పైనే ఉన్నాయి. ప్రతి గుటకకూ ఇది మిన్నుది, ఇది మిన్నుది అని నాలో ఎవరో అంటూనే ఉన్నారు. కన్నీళ్ళు వాడి నెత్తి మీద పడ్డాయి. దాదీ తన దుపట్టా కొంగుతో వాడి తల తుడిచింది, తర్వాత అదే కొంగుతో నా మొహం తుడిచింది.

వాడు నిద్రపోయాక లేవబోయాను. దాదీ నా భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, వంటింట్లోంచి ఒక గిన్నె తెచ్చింది. హరీరా. బాదం, నెయ్యి వేసి బాలింతల కోసం కాచేది.

"వద్దు దాదీ. రెహానా కోసం చేసిండ్రు. ఆమెకు పంపుండ్రి."

"ఆమెకు డాక్టరు బంద్ చేసిండు. రోజు కాస్తున్న, రోజు పారబోస్తున్న, అలవాటు పోక. మా ఇంట్ల పాలిచ్చిన తల్లి ఉత్త కడుపుతోటి మెట్లెక్కుతదా? తాగు."

పైన మిన్ను ఏడుస్తోంది. వద్దని లేచి పోవచ్చు. ఇచ్చి, ఏమీ తీసుకోకుండా లేచి పోవడంలో ఒక అందం ఉంటుంది, అది నాకు ఎదురుగా కనబడింది కూడా. దాదీ గిన్నె పట్టుకుని నిలబడే ఉంది. తీసుకున్నాను. వేడిగా ఉంది, నాలుక కాలింది, అయినా మొత్తం తాగాను. ఆమె నా గొంతు వైపే చూస్తూ కూర్చుంది, మిన్ను తాగేటప్పుడు నేను చూసినట్టు.

పైకి వచ్చి మిన్నుకు రెండో పక్క ఇచ్చాను. కాసేపు తాగింది, కాసేపు గింజుకుంది, ఏడ్చి ఏడ్చి అలసిపోయి నిద్రపోయింది. కడుపు నిండి పడుకుందో, విసిగి పడుకుందో నాకు తెలియదు. సోమవారం తూకానికి తీసుకెళ్ళాలి. ఆ కార్డు మీద గీత ఎటు పోతుందో అప్పటిదాకా తెలియదు. గీత కిందికి దిగితే కింది ఇంటికి ఏం చెప్పాలో కూడా తెలియదు.

రేపు పొద్దున ఎనిమిదింటికి వస్తానని పైకి వచ్చేముందే దాదీకి చెప్పాను. చెప్పేటప్పుడు నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు. ఆమె నా మొహం చూడలేదు. ఖాళీ గిన్నెను రెండు చేతులా పట్టుకుని, వంగి లోపలికి చూసి, అడుగున ఏమీ మిగల్లేదని తనలో తాను తల ఊపుకుంది.